ఆసుపత్రి గుమ్మం దాటాక

న్యూజెర్సీలోని ఎడిసన్ అనగానే మనవాళ్లకు ఓక్ ట్రీ రోడ్డు గుర్తొస్తుంది. బంగారం కొట్లు, చీరల దుకాణాలు, దోసెల హోటళ్లు. అదే ఊళ్లో జేఎఫ్‌కే జాన్సన్ పునరావాస సంస్థ ఉంది. కోమాలోంచి తేరుకుంటున్న మనిషిలో ఎంత స్పృహ ఉందో చూడటానికి ప్రపంచమంతటా డాక్టర్లు వాడే కొలమానం పుట్టింది అక్కడే. జోసెఫ్ జియాచినో అనే న్యూరోసైకాలజిస్టు 1991లో దాన్ని వెలుగులోకి తెచ్చారు, 2004లో సవరించారు. ముఖం ముందు అద్దం కదిపితే చూపు దాని వెంట పోతోందా, చెప్పిన పని చేస్తున్నాడా, చప్పుడు వైపు తల తిప్పుతున్నాడా అని ఓపికగా 23 అంశాలు పరీక్షిస్తారు. పైపైన చూసి స్పృహ లేదని వదిలేసిన మనుషుల్లో ఎంతోమందిలో స్పృహ మిణుకుమిణుకుమంటూ ఉందని ఈ పరీక్షే పట్టిచ్చింది.

తలకు దెబ్బ తగిలిన మనిషిని బతికించే విద్యలో అమెరికాకు సాటి వచ్చే దేశాలు తక్కువ. బతికిన మనిషిని సాకే దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ దేశం చేతులు దులుపుకుంటుంది. సాయం లేదని కాదు, చాలా ఉంది. కానీ ఆ సాయం గాయాన్ని బట్టి రాదు. ఏ కంపెనీలో ఉద్యోగం, ఏ వీసా, ఏ రాష్ట్రం, ఏ కారు పాలసీ అన్న నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి వస్తుంది. ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని దగ్గర మన కుటుంబాలు దెబ్బతింటున్నాయి.

ముందు లెక్కలు చూద్దాం. వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) ప్రకారం 2020లో మెదడు గాయాలతో ఆసుపత్రుల్లో చేరినవాళ్లు 2 లక్షల 14 వేలు. 2021లో ఆ గాయాలతో చనిపోయినవాళ్లు 69 వేల పైచిలుకు, అంటే రోజుకు సుమారు 190 మంది. ఆసుపత్రిలో చేరినవాళ్లలో దాదాపు సగం మంది కిందపడి దెబ్బ తగిలించుకున్నవాళ్లే. హైవే ప్రమాదాలు, తుపాకి కాల్పులు వార్తల్లోకి ఎక్కుతాయి. మనవణ్ణి చూసుకోవడానికి వచ్చి బాత్‌టబ్‌లో కాలుజారిన అత్తగారి సంగతి ఎక్కడా రాదు. పైగా ఇవి బయటి దెబ్బల లెక్కలు మాత్రమే. పక్షవాతం, మెదడువాపు, గుండె ఆగి ప్రాణవాయువు అందకపోవడం వల్ల మెదడు దెబ్బతిన్నవాళ్లు ఇందులో లేరు. వాళ్ల ఇళ్లలో కష్టం మాత్రం ఒకటే.

1986 నాటి ఎమ్‌టాలా చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన మనిషికి డబ్బు, బీమా, కాగితాలు ఉన్నా లేకపోయినా పరీక్ష చేసి, పరిస్థితి నిలకడపడేదాకా వైద్యం చేయాలి. హెలికాప్టర్ వస్తుంది, పుర్రె తెరిచి ఒత్తిడి తగ్గిస్తారు, వారాల తరబడి ఐసీయూలో కంటికి రెప్పలా కాస్తారు. ఆ తరువాతది పునరావాసం. అట్లాంటాలో షెపర్డ్ సెంటర్, డెన్వర్ పక్కన క్రేగ్ ఆసుపత్రి, షికాగోలో షిర్లీ రయాన్ ఎబిలిటీ ల్యాబ్, హ్యూస్టన్‌లో టిర్ ఇందుకు పేరుమోసినవి. 2011 జనవరి 8న ట్యూసాన్‌లో తలలోంచి తూటా దూసుకుపోయిన కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ మళ్లీ మాట్లాడటం నేర్చుకున్నది టిర్‌లోనే. ఇలాంటి చోట చేర్చుకోవాలంటే రోగి రోజుకు మూడు గంటల చొప్పున వారానికి ఐదు రోజులు చికిత్సకు తట్టుకోగలగాలి. వృద్ధులకు, వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా పెట్టిన ఈ కొలతనే ప్రైవేటు బీమా కంపెనీలూ ఎక్కువగా పాటిస్తాయి. తట్టుకోలేనివాణ్ణి నర్సింగ్ హోమ్‌కి పంపుతారు. తట్టుకోగలిగినవాడికైనా దక్కేవి కొన్ని వారాలు. ఇక పెద్దగా మెరుగుదల లేదని కాగితం మీద పడ్డ రోజున గడువు తీరిపోతుంది. మెదడు కోలుకోవడానికి పట్టేది నెలలు, ఏళ్లు.

ఈ విషయంలో వాట్సాప్‌లో తిరిగే అద్భుతాల గురించి ఒక్క మాట. 1984లో ఆర్కాన్సాలో వాహనం బోల్తాపడి స్పృహ కోల్పోయిన టెర్రీ వాలిస్ 19 ఏళ్లకు, 2003లో, నోరు విప్పి అమ్మను పిలిచాడు. నిజమే. కానీ ఆ కథ చూపించి అప్పుచేసైనా సరే ఆశ వదలొద్దని ఐసీయూ బయట కూర్చున్న తల్లికి చెప్పడం మేలు చేయడం కాదు. కోటికొకటిగా జరిగేదాన్ని ఆమె నెత్తిన పెట్టడం అది.

ఇంటికొచ్చిన మనిషి పైకి బాగానే ఉంటాడు. జుట్టు పెరిగి కుట్ల మచ్చ కనపడదు. చూడ్డానికి వచ్చినవాళ్లు “ఏముంది, బాగానే ఉన్నావుగా బాబూ” అని టీ తాగి వెళతారు. ఒక పూట అక్కడే ఉంటే సంగతి తెలుస్తుంది. వంటింటి అల్మరా తలుపుల మీద కాగితాలు అంటించి ఉంటాయి: కందిపప్పు, ఉప్పు, కాఫీపొడి. స్టవ్ మీటలు ఊడదీసి సొరుగులో దాచేశారు, పాలు పెట్టి మరిచిపోతున్నాడని. ఫోనులో మాత్రకో అలారం, స్నానానికో అలారం. తొమ్మిదింటికి ఇడ్లీ తిన్నవాడు పదకొండింటికి టిఫిన్ పెట్టలేదేమని అడుగుతాడు. సింకులో ప్లేటు చూపిస్తే కోపం. మిక్సీ చప్పుడు భరించలేడు కాబట్టి పచ్చడి తెల్లవారుజామున, గరాజులో తిప్పుకోవాలి. పదిమంది ఇంజినీర్లతో పని చేయించినవాడు కూతురి నాలుగో తరగతి లెక్కలో తప్పు దిద్దలేక పుస్తకం విసిరేస్తాడు. మర్నాటినుంచి ఆ పిల్ల నాన్న దగ్గరికి పుస్తకం తీసుకురాదు.

నుదుటి వెనకుండే మెదడు భాగం దెబ్బతింటే ఓపిక, నిదానం, ముందుచూపు, ఎదుటివాళ్ల మనసు కనిపెట్టడం సన్నగిల్లుతాయి. దీనికి పాఠ్యపుస్తకాల్లో ఫినియాస్ గేజ్‌ని ఉదాహరణగా చెబుతారు. 1848 సెప్టెంబరు 13న వెర్మాంట్‌లోని కావెండిష్ దగ్గర రైలుమార్గం పనిలో మందు కూరే ఇనుప కడ్డీ అతని తలలోంచి దూసుకుపోయింది. అతను బతికాడు, మనిషి మాత్రం మారిపోయాడన్నారు. చివరికి శాన్‌ఫ్రాన్సిస్కోలో తల్లి దగ్గరికి చేరి 1860లో మూర్ఛలతో పోయాడు. అతనికి వైద్యం చేసిన డాక్టర్ హార్లో 1868లో రాసిన వ్యాసంలో గేజ్ చివరి సంవత్సరాల సంగతులు ఎక్కువగా ఆ తల్లి నోట విన్నవే. అతని పుర్రె హార్వర్డ్ మ్యూజియంలో ఉందని అందరూ రాస్తారు. ఆ తల్లి ఎలా నెట్టుకొచ్చిందో ఎవరూ రాయలేదు.

ఇంటివాళ్ల గురించి రాయడం బాగా ఆలస్యంగా మొదలైంది. అమెరికన్ న్యూరోసైకాలజిస్టు మ్యూరియల్ లెజాక్ 1970లు, 80లలో మెదడు గాయం కుటుంబం మొత్తానికి తగిలే గాయమని గట్టిగా వాదించారు. గ్లాస్గోలో నీల్ బ్రూక్స్ బృందం తీవ్రంగా దెబ్బతిన్నవాళ్ల బంధువులను ఐదేళ్లు గమనించి 1986లో ఒక అధ్యయనం ప్రచురించింది. మొదటి ఏడాది చివర్లో కంటే ఐదో ఏడాదిలోనే బంధువులు ఎక్కువగా నలిగిపోతున్నారని తేలింది. వాళ్లను నలిపింది చక్రాల కుర్చీ కాదు. మారిపోయిన స్వభావం, అదుపు తప్పే కోపం. మనిషి కళ్లెదుట ఉంటాడు, పెళ్లాడిన ఆ మనిషి కనపడడు. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పాలీన్ బాస్ ఈ రకం దుఃఖాన్ని దశాబ్దాలపాటు అధ్యయనం చేశారు. చావుకైతే పదకొండో రోజు, పన్నెండో రోజు, సంవత్సరీకం ఉన్నాయి. దీనికి అలాంటిదేమీ లేదు. ఓదార్చడానికి వచ్చేవాళ్లూ ఉండరు.

అయినా ఇలాంటి కాపురాలన్నీ కూలిపోతాయన్న మాట నిజం కాదు. వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ క్రూట్జర్ బృందం 2007లో ప్రచురించిన పరిశీలనలో, గాయమైన రెండున్నరేళ్ల నుంచి ఎనిమిదేళ్ల తరువాత చూస్తే, 120 మందిలో నాలుగింట మూడొంతుల మంది వివాహబంధంలోనే ఉన్నారు. ఉండటం, సుఖంగా ఉండటం ఒకటి కాదనుకోండి.

ఈ దేశంలో ఉన్న సాయంలో చాలా భాగం ఇలాంటి ఇంటివాళ్లు పోట్లాడి తెచ్చుకున్నదే. 1975లో కారు ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న టీనేజీ కూతురికి పునరావాసం కోసం గుమ్మం గుమ్మం తిరిగిన మసాచుసెట్స్ తల్లి మార్లిన్ ప్రైస్ స్పివాక్, 1980లో నేషనల్ హెడ్ ఇంజురీ ఫౌండేషన్ స్థాపించారు. నేటి బ్రెయిన్ ఇంజురీ అసోసియేషన్ ఆఫ్ అమెరికా అదే. 1987లో కేంద్ర ప్రభుత్వం ‘మోడల్ సిస్టమ్స్’ పేరుతో పరిశోధనా కేంద్రాలకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. 1990లో బడిపిల్లల ప్రత్యేక విద్యా చట్టంలో మెదడు గాయం ఒక విభాగంగా చేరింది. 1996లో మెదడు గాయాలకే ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. రాష్ట్రాలకు గ్రాంట్లు, సీడీసీ లెక్కలు దాని కిందే.

ఆ తరువాత ఇరాక్ యుద్ధం. 2006 జనవరి 29న ఏబీసీ యాంకర్ బాబ్ వుడ్‌రఫ్ రోడ్డు పక్కన పేలిన బాంబుకు తల పగిలి 36 రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నాడు. కోలుకున్నాక తన భార్య లీతో కలిసి పుస్తకం రాశాడు, సైనికుల కోసం ఫౌండేషన్ పెట్టాడు. అప్పటిదాకా గణాంకంగా ఉన్న గాయానికి టీవీలో ఒక ముఖం వచ్చింది. 2010 మేలో సంతకమైన చట్టంతో, తీవ్రంగా గాయపడిన సైనికుణ్ణి ఇంట్లో చూసుకునే భార్యకో తల్లికో నెల నెలా భృతి, శిక్షణ, ఆరోగ్య బీమా, అప్పుడప్పుడు విశ్రాంతి ఇచ్చే ఏర్పాటు జరిగింది. మొదట 2001 సెప్టెంబరు 11 తరువాత గాయపడినవాళ్లకే ఇచ్చారు, 2018 చట్టం మిగతా తరాలకూ విస్తరించింది. నా ఉద్దేశంలో కుటుంబ సంరక్షకుల విషయంలో అమెరికా చేసిన పనుల్లో అన్నిటికంటే మంచిది ఇదే. అదే గాయం ఊబర్ నడిపేవాడికి తగిలితే అతని భార్యకు ఇందులో ఒక్కటీ వర్తించదు.

ఇక పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు.

ఉద్యోగం. 1993 నాటి ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ చట్టం ఇచ్చేది 12 వారాల జీతంలేని సెలవు, అదీ కనీసం 50 మంది ఉన్న సంస్థలో ఏడాది పనిచేసినవాళ్లకు. భర్త ఐసీయూలోంచి బయటికి వచ్చేసరికే అందులో సగం అయిపోతుంది. ఉద్యోగం పోతే కోబ్రా కింద పాత బీమాను 18 నెలలు కొనసాగించుకోవచ్చు, కంపెనీ వాటా కూడా మనమే కట్టుకుని. సోషల్ సెక్యూరిటీ వైకల్య భృతి మంజూరైనా మొదటి ఐదు నెలలకు రాదు. అది మొదలైన 24 నెలలకు గానీ మెడికేర్ రాదు. మొత్తం 29 నెలలు. వైకల్యం తేలినవాళ్లకు కోబ్రాను 29 నెలలకు పొడిగించే వీలుంది. గడువులోగా అడిగినవాళ్లకే అది దక్కుతుంది, ఆ సంగతి చెప్పేవాళ్లు అరుదు. ఇంకొక మెలిక: టెక్సాస్‌లో ఆరోగ్య బీమా పాలసీలు మెదడు గాయం తరువాతి జ్ఞాపకశక్తి, ఆలోచనా చికిత్సలను కవర్ చేయాలని చట్టం ఉంది. కానీ మనవాళ్లు పనిచేసే పెద్ద కంపెనీల్లో చాలావాటివి సొంత నిధితో నడిచే ప్లాన్లు. వాటికి 1974 నాటి కేంద్ర చట్టం ఎరిసా వర్తిస్తుంది, రాష్ట్ర చట్టం వర్తించదు. ఫ్రిస్కోలో పక్కపక్క ఇళ్లలో ఉన్న ఇద్దరికి ఒకే గాయమైతే ఒకరికి చికిత్స, ఇంకొకరికి తిరస్కరణ లేఖ.

వీసా. హెచ్1బి ఉద్యోగం పోతే గడువు 60 రోజులు. రోగి వీసాతో పాటు భార్య హెచ్4 కూడా పోతుంది. ఉద్యోగం చేసి ఇల్లు నడుపుదామంటే, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు కొన్ని మెట్లు దాటి ఉంటేనే ఆమెకు పని అనుమతి, అదీ 2015 నుంచి వచ్చింది. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకైనా 1996 సంక్షేమ చట్టం ప్రకారం సాధారణంగా ఐదేళ్లదాకా పేదలకిచ్చే ప్రభుత్వ బీమా మెడికెయిడ్ పూర్తిగా అందదు. విద్యార్థుల సంగతి ఇంకా చిత్రం. ఎఫ్1 మీద, చదువు తరువాతి ఓపీటీలో పనిచేసేటప్పుడు మొదటి ఐదేళ్లు సోషల్ సెక్యూరిటీ పన్ను కోయరు. ఆ డబ్బు మిగిలిందని సంతోషిస్తాం. పన్ను కట్టని కాలానికి క్రెడిట్లు పడవు, క్రెడిట్లు లేనిదే వైకల్య భృతి లేదు. పర్యాటక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు చవకగా దొరికే ట్రావెల్ పాలసీల్లో చాలా వరకు ఒక్కో సేవకు ఇంత అని కట్టేసిన మొత్తమే ఇస్తాయి. మెదడు శస్త్రచికిత్స బిల్లు ముందు అది చాలదు.

ఎవరూ కట్టనప్పుడు ఏమవుతుందో 2003లో ఫ్లోరిడాలో తెలిసింది. తాగి కారు నడిపినవాడు గుద్దితే మెదడు దెబ్బతిన్న గ్వాటెమాలా తోటమాలిని, కొన్నేళ్లు ఉంచుకున్న ఆసుపత్రి సొంత ఖర్చుతో విమానం మాట్లాడి అతని దేశానికి పంపేసింది. అక్కడ కొండల్లో వయసు మళ్లిన తల్లి ఆ మనిషిని చూసుకుంది. అలా పంపడానికి అనుమతిచ్చిన కింది కోర్టు ఆదేశాన్ని అప్పీలు కోర్టు 2004లో కొట్టేసినా, 2009లో జ్యూరీ ఆసుపత్రి వైపే మొగ్గింది.

రాష్ట్రం. జీతంతో కూడిన కుటుంబ సెలవు కాలిఫోర్నియాలో 2004 నుంచి, న్యూజెర్సీలో 2009 నుంచి ఉంది. మనవాళ్లు విస్తారంగా ఉన్న టెక్సాస్, జార్జియాల్లో ప్రైవేటు ఉద్యోగులకు అలాంటి రాష్ట్ర పథకం లేదు. జార్జియాలో తాగి నడిపినవాళ్ల జరిమానాల మీద సర్‌ఛార్జీతో మెదడు, వెన్నుపాము గాయాల నిధి నడుస్తుంది. న్యూజెర్సీలో ప్రతి వాహన రిజిస్ట్రేషన్ మీద 50 సెంట్లు మెదడు గాయాల నిధికి పోతాయి. మిన్నెసోటాలో మెదడు గాయమైనవాళ్లు ఇంటికి వెళ్లాక కాగితాలు, సేవలు, ఉద్యోగం విషయాల్లో దారి చూపడానికి ఉచితంగా ఫోన్ చేసి పలకరించే ఏర్పాటు ఉంది. సాయం కావాల్సినవాడు వెతుక్కుంటూ రావాలని కూర్చోకుండా తామే వెళ్లడం నాకు నచ్చింది. జ్ఞాపకశక్తి పోయినవాణ్ణి ఫారాలు నింపి రమ్మనడం కంటే అన్యాయం ఉండదు కదా.

ఇంట్లోనే ఉండి మెడికెయిడ్ సేవలు పొందే పద్ధతికి మూలం కూడా మెదడు జబ్బే. అయోవాలో మెదడువాపు సోకి వెంటిలేటర్ మీద పడ్డ కేటీ బెకెట్ అనే పాపకు ఆసుపత్రిలో ఉంటే డబ్బు కడతామని, ఇంటికి వెళితే కట్టమని నిబంధన అడ్డొచ్చింది. 1981లో అధ్యక్షుడు రీగన్ ఆ పాప కథ బయటికి చెప్పి నిబంధన సడలించారు. ఆ ఏడాదే మొదలైన మినహాయింపు పథకాల్లో కొన్ని రాష్ట్రాలు మెదడు గాయాలకు ప్రత్యేకించి నడుపుతున్నాయి. కొన్నిచోట్ల ఇంటివాళ్లకే కూలి కట్టిస్తారు. చాలాచోట్ల వరసలో ఏళ్లు నిలబడాలి.

కారు పాలసీ. మిషిగన్ కథ ఇక్కడ చెప్పాలి. 1973 నుంచి ఆ రాష్ట్రంలో కారు ప్రమాదంలో గాయపడిన మనిషికి, తప్పెవరిదైనా, బతికినంత కాలం వైద్యం ఖర్చు బీమాదే, పరిమితి లేదు. ఇంట్లో చూసుకునే భార్యకు, తల్లికి గంటల లెక్కన డబ్బు ఇచ్చేవాళ్లు. దేశం మొత్తం మీద సామాన్యుడికి దక్కిన ఉత్తమ రక్షణ అది, ప్రీమియంలూ దేశంలోకెల్లా ఎక్కువే. అందరూ ప్రీమియం గురించి గోల పెట్టారు, 2019లో చట్టం మారింది. 2020 జూలై నుంచి తక్కువ పరిమితి ఎంచుకునే వీలు వచ్చింది. 2021 జూలై నుంచి ఇంటికొచ్చి చూసే సంస్థల్లో చాలావాటికి పాత రేటులో 55 శాతమే, ఇంటివాళ్ల సేవకు వారానికి 56 గంటలే. మంచానికి అంటుకుపోయిన మనిషికి వారంలో 168 గంటలూ ఎవరో ఒకరు కావాలి. ఎన్నో సంరక్షణ సంస్థలు మూతపడ్డాయి. 2023 జూలై 31న రాష్ట్ర సుప్రీంకోర్టు, చట్టం రాకముందు, అంటే 2019 జూన్ 11కు ముందు, గాయపడినవాళ్లకు ఈ కోతలు వర్తించవని తీర్పు చెప్పింది. ఆ తరువాత గాయపడినవాళ్లకు కోతలే మిగిలాయి. 2025 జూలైలో ఇదే రాష్ట్రంలోని నోవైలో తెలుగు సంఘం తానా మహాసభలకు వేల మంది వెళ్లారు. ఆ ఊళ్లో కారున్న ప్రతి తెలుగు ఇంట్లోనూ ఈ పరిమితి ఎంత పెట్టుకోవాలన్న నిర్ణయం జరిగే ఉంటుంది, ఎక్కువగా ప్రీమియం అంకె చూసి.

న్యూజెర్సీలో చట్టం కాస్త తెలివైనది. చవక పాలసీ తీసుకుని వైద్యం పరిమితి 15 వేల డాలర్లకు తగ్గించుకున్నా, తీవ్రమైన మెదడు గాయమైతే రెండున్నర లక్షల దాకా వస్తుంది. టెక్సాస్‌లో సొంత గాయాలకు వచ్చే పీఐపీని కంపెనీ ఇవ్వచూపాలి, వద్దంటే రాసిచ్చేయవచ్చు. పాలసీ ఆన్‌లైన్‌లో కొనే తొందరలో ఆ ‘వద్దు’ మీద ఎంతమంది నొక్కుతారో.

పునరావాసంలో మనకు మాత్రమే ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. ఆక్యుపేషనల్ థెరపిస్టు రోగి ఆలోచన వరస చూడటానికి శాండ్‌విచ్ చేయమంటుంది. జన్మలో శాండ్‌విచ్ చేయని గుంటూరు పెద్దాయన నిలబడిపోతాడు, ఫైల్లో ‘చేయలేకపోయాడు’ అని పడుతుంది. ఫిల్టర్ కాఫీ కలపమంటే సంగతి వేరుగా ఉండేది. మాట పోయినవాళ్లకు ఇంగ్లీషు ఒక తీరుగా, తెలుగు ఒక తీరుగా తిరిగిరావచ్చు, పరీక్ష మాత్రం ఇంగ్లీషులోనే చేస్తారు. ఆరోగ్య సంస్కరణల చట్టంలోని 1557వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆసుపత్రి తెలుగు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. మొహమాటపడి కోడలే అనువదిస్తూ కూర్చోనక్కర్లేదు. మామగారు నోటికొచ్చినట్టు తిడుతుంటే ఆ మాటలు డాక్టరుకు తర్జుమా చేయాల్సిన ఖర్మ ఆమెకెందుకు?

నిర్ణయం ఎవరిదన్నది ఇంకో చిక్కు. ఫ్లోరిడాలో టెరీ షైవో 1990లో మెదడు దెబ్బతిని, 2005లో కన్నుమూసేదాకా భర్తకు, తల్లిదండ్రులకు మధ్య కోర్టుల్లో నలిగింది. ఆమె తన ఇష్టం రాసిపెట్టలేదు. మన ఇళ్లలో భార్య ఇక్కడ, తల్లిదండ్రులు విజయవాడలోనో కరీంనగర్‌లోనో. స్పీకర్ ఫోనులో అత్తమామలు ఒక మాట, డాక్టరు ఒక మాట. వైద్య నిర్ణయాల అధికారపత్రం చాలా రాష్ట్రాల్లో ఇద్దరు సాక్షులతోనో నోటరీతోనో తెమిలే పని. అశుభమని వాయిదా వేస్తాం.

మన సమాజం చేసేది తక్కువేమీ కాదు. ప్రమాదం వార్త రాగానే తానా టీమ్ స్క్వేర్, నాట్స్ హెల్ప్‌లైన్ కదులుతాయి. గోఫండ్‌మీలో పేజీ లేస్తుంది. తల్లిదండ్రుల అత్యవసర వీసాకు ఫోన్లు వెళతాయి. వంతులు వేసుకుని క్యారేజీలు పంపుతారు. ఇదంతా మొదటి నెల. నాలుగో నెలలో, అసలు కష్టం మొదలయ్యేవేళకు, వాట్సాప్ గ్రూపు మూగబోతుంది. పైగా విరాళాల డబ్బును రోగి సొంత ఖాతాలో వేయడం ఒక ప్రమాదం. పేద వికలాంగులకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ భృతికి ఆస్తి పరిమితి 2,000 డాలర్లు, చాలా మెడికెయిడ్ పథకాలకూ అలాంటి హద్దులున్నాయి. మంచి మనసుతో పోగేసిన సొమ్మే అర్హతను పోగొడుతుంది. ప్రత్యేక అవసరాల ట్రస్టులో పెడితే ఆ ఇబ్బంది లేదు. 46 ఏళ్లలోపు వైకల్యం వచ్చినవాళ్లు అర్హత పోని ఏబుల్ పొదుపు ఖాతా తెరవచ్చు, 2026 జనవరి దాకా ఆ వయసు హద్దు 26 ఉండేది. పేజీ లేపే కుర్రాళ్లకు ఈ రెండు ముక్కలు చెప్పేవాళ్లు కావాలి.

“ఇండియాకి తీసుకొచ్చేయండి, మేం చూసుకుంటాం” అనే మాట ప్రతి ఇంట్లో వస్తుంది. కొందరికి అదే సరైన దారి. చుట్టూ మనుషులుంటారు, ఆయాను పెట్టుకోవచ్చు, హైదరాబాద్‌లో పునరావాస కేంద్రాలు పెరిగాయి, బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 2024 జూలై నుంచి నెలకు 15 వేలు పింఛను ఇస్తున్నారు. కానీ అమెరికా వైకల్య భృతి కొన్ని మినహాయింపులు తప్ప పరాయి దేశస్థుడు ఆరు నెలలు దాటి బయట ఉంటే ఆగిపోతుంది. రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం లేదు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొంది, వాటిలో మెదడు గాయం విడిగా లేదు. వెళ్లాక వెనక్కి రావడం కష్టం కాబట్టి, భృతి దరఖాస్తు, కోబ్రా పొడిగింపు, ప్రమాదం దావా తేల్చుకున్నాకే టికెట్ కొనాలి.

ఈ మధ్య వచ్చిన మార్పులు మిశ్రమంగా ఉన్నాయి. 2024 జనవరి నుంచి ఇంటివాళ్లకు సంరక్షణ నేర్పినందుకు డాక్టర్లకు, థెరపిస్టులకు మెడికేర్ డబ్బు కడుతోంది. చిన్న మార్పే, మంచిది. 1996 నాటి మెదడు గాయాల చట్టం పొడిగింపు గడువు మాత్రం 2024 సెప్టెంబరుతో ముగిసింది, కాంగ్రెస్ సమయానికి కదలలేదు. రాష్ట్రాల గ్రాంట్లు చూసే విభాగాన్ని విడగొడతామని 2025 మార్చిలో ఆరోగ్యశాఖ ప్రకటించింది. 2025 జూలై 4న సంతకమైన చట్టం మెడికెయిడ్‌లో పెద్ద కోత పెట్టి, వలసదారుల అర్హతను ఇంకా బిగించింది. అంటే రాబోయే ఏళ్లలో ఇంటివాళ్ల మీద పడే బరువు పెరుగుతుంది.

అందుకే తెలుగు సంఘాలకు ఒక విన్నపం. అత్యవసర నిధితో పాటు రెండేళ్ల సాయం అనే పద్దు ఒకటి తెరవండి. కాగితాలు తెలిసిన ఒక సోషల్ వర్కరుకు జీతం ఇవ్వండి. భార్యో తల్లో వారానికి ఒక పూట బయటికి వెళ్లివచ్చేలా రోగి దగ్గర కూర్చునే మనిషికి గంటల లెక్కన డబ్బు కట్టండి. తెలుగులో నెలకోసారి సంరక్షకుల సమావేశం పెట్టండి, అక్కడ ‘బాగానే ఉన్నాడుగా’ అనేవాళ్లు ఉండరు. మహాసభల్లో ఒక సినీ సంగీత రాత్రికి అయ్యే ఖర్చులో కొంత చాలు దీనికి. పాఠకులకు చెప్పేది ఇంకా చిన్నది: ఈ వారం మీ కారు పాలసీలో పీఐపీ, బీమా లేని డ్రైవరు గుద్దితే వచ్చే కవరేజీ ఎంతుందో చూడండి, వైద్య నిర్ణయాల పత్రం మీద సంతకం చేయండి, ఆరు నెలల కిందట మీరు విరాళమిచ్చిన ఆ ఇంటికి ఒకసారి ఫోన్ చేయండి.